పొద్దు కుంగాక మిగిలే ఇరవై నిమిషాలు

ప్రతి ఏడాదీ వార్షికోత్సవ సంచిక పని మొదలుపెట్టగానే మా కమిటీ ముందుకు వచ్చే మొదటి ప్రశ్న "అట్ట మీద ఏం వేద్దాం?" అన్నదే. వ్యాసాలు ఎలాగో సమకూరుతాయి. కవితలైతే కావలసినదానికన్నా ఎక్కువే వస్తాయి. అట్ట మీది బొమ్మ మాత్రం ఎవ్వరూ ఇవ్వరు. చివరికి ప్రెస్సులో దొరికిన గులాబీ పువ్వో, ఎక్కడిదో తెలియని జలపాతమో వేయించడం మామూలైపోయింది. ఆ జలపాతం వినుకొండలో లేదు. ఆ గులాబీ మన హాస్టల్ ఆవరణలో పూసిందీ కాదు.

ఈసారి అలా వద్దనుకున్నాం. మన ఊరు తెలిసే ఫొటో, మనమే తీసిన ఫొటో వేయాలని తీర్మానించుకున్నాం. వినుకొండ అనగానే అందరికీ గుర్తొచ్చేవి రెండు. ఒకటి ఊరి మీద నిలబడ్డ కొండ. రెండు, మహాకవి గుర్రం జాషువా. ఆయన 1895 సెప్టెంబరు 28న పుట్టింది ఇక్కడే. 1941లో వచ్చిన 'గబ్బిలం' కావ్యంలో, గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు తన గోడు కాశీలో ఉన్న శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కదా! ఆ గబ్బిలం బయటికి వచ్చేది పొద్దు కుంగాకనే. కాబట్టి సందెవేళ, వెనక కొండ, పైన ఎగిరే గబ్బిలం. ఇంతకన్నా మంచి అట్టబొమ్మ ఏముంటుంది అనుకున్నాం.

ఒక సాయంత్రం ఆటలయ్యాక ఐదుగురం బయలుదేరాం. అడిగి తెచ్చుకున్న కెమెరా ఒకటి, ఫోన్లు రెండు. స్టడీ అవర్ బెల్లు కొట్టేలోగా రావాలని వార్డెన్ గారు మరీ మరీ చెప్పారు. ఊరి చివర నిలబడితే కరెంటు తీగలు అడ్డం వచ్చాయి. ఇంకో చోటికి పోదామన్నారు ఒకరు. ఇంకాసేపు ఆగితే ఆకాశం ఇంకా ఎర్రబడుతుందన్నారు మరొకరు. నడిచి వెళ్ళేసరికి పొద్దు కుంగింది. గబ్బిలాలు వచ్చేసరికి మసక కమ్మింది. నలభై దాకా ఫొటోలు తీశాం. తిరిగొచ్చి చూసుకుంటే సగం నల్లగా, సగం అలికినట్టుగా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు.

మన హాస్టల్లోనే చదువుకుని ఇప్పుడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తున్న అన్న ఒకరికి అవి చూపించాం. ఆయన నవ్వి, "తమ్ముడూ, మీకున్నది ఇరవై నిమిషాలు. అందులో పదిహేను నడకకే పోయినయ్యి" అన్నారు. ఆ మాట దగ్గర మొదలైంది మా చదువు. అన్న చెప్పినవి, ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్నవి, మళ్ళీ మళ్ళీ వెళ్ళి కళ్ళతో చూసినవి కలిపి ఇక్కడ రాస్తున్నాం. అట్ట కోసం మొదలైన ఈ వెతుకులాట మమ్మల్ని అనుకోని చోటికి తీసుకెళ్ళింది. అది చివర చెబుతాం.

వెలుగు ఎంత వేగంగా పోతుంది?

సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు వెలుగు తక్కువ గాలి పొరను దాటి మన దగ్గరికి వస్తుంది. అంచుకు దిగినప్పుడు సుమారు 38 రెట్లు మందమైన గాలి పొరను అడ్డంగా దాటి రావాలి. ఆ దారిలో నీలి వెలుగు నలువైపులా చెదిరిపోతుంది. ఎర్ర వెలుగు మిగులుతుంది. అందుకే సాయంత్రం పొద్దు ఎర్రగా ఉంటుంది. దుమ్ము, పొగ కలిస్తే ఎరుపు ఇంకా ముదురుతుంది.

పొద్దు కుంగగానే చీకటి పడదు. సూర్యుడు కనిపించకపోయినా ఆయన వెలుగు పై గాలి మీద పడి మన మీదికి చెదిరి వస్తూ ఉంటుంది. సూర్యుడు నేల అంచుకు 6 డిగ్రీలు కిందికి జారేదాకా దీపం లేకుండానే మనిషి ముఖం గుర్తుపట్టవచ్చు. వినుకొండలో ఈ సమయం సుమారు 22, 23 నిమిషాలు మాత్రమే. మనం భూమధ్యరేఖకు దగ్గరగా, సుమారు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. లండన్ లాంటి చోట ఏటవాలుగా జారుతూ పోతాడు కాబట్టి, జూన్‌లో అదే వెలుగు ముప్పావు గంట దాకా నిలుస్తుంది. విదేశీ ఫొటోగ్రఫీ పుస్తకాల్లో 'సాయంత్రం తీరిగ్గా తీయండి' అని ఉంటే, అది మన ఊరికి చెప్పిన మాట కాదని గుర్తుంచుకోవాలి.

వెలుగును కొలిచే కొలతను లక్స్ అంటారు. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్. పొద్దు కుంగే క్షణానికి అది సుమారు 400కు పడిపోతుంది. ఇరవై రెండు నిమిషాల తర్వాత మూడు, నాలుగు లక్స్ మిగులుతుంది. నిండు పున్నమి వెన్నెల అయితే మూడో వంతు లక్స్ కూడా ఉండదు. ఈ లెక్క విప్పి చూస్తే ఒక సూత్రం దొరుకుతుంది. పొద్దు కుంగాక వెలుగు సుమారు మూడు నిమిషాలకోసారి సగమైపోతుంది. మన కన్ను తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి ఈ పతనం మనకు తెలియదు. "ఇంకా బాగానే కనిపిస్తోంది కదా" అనుకుంటాం. కెమెరాకు మాత్రం తెలుస్తుంది.

ఏ నెలలో ఎప్పుడు?

దేశమంతటికీ ఒకే గడియారం. అది 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. వినుకొండ దానికి పడమరగా ఉంది. అందువల్ల మన సూర్యుడు గడియారం కన్నా సుమారు 11 నిమిషాలు వెనక ఉంటాడు. డిసెంబరు మొదటివారంలో ఇక్కడ పొద్దు 5.35, 5.40 మధ్య కుంగుతుంది. జులై మొదట్లో సుమారు 6.48కి. సంక్రాంతి సెలవుల్లో ఆరు గంటలకు కాస్త ముందు. జాషువా గారి పుట్టినరోజు సెప్టెంబరు 28న సుమారు 6.03కి, దాదాపు సరిగ్గా పడమర దిక్కునే కుంగుతుంది.

ఇక్కడ కొండ గురించి ఒక మాట చెప్పాలి. కొండ మీకు పడమటి వైపు ఉంటే ఎండ ముందుగానే మాయమవుతుంది. "పొద్దు కుంగింది, ఇక పోదాం" అనుకోకండి. అసలు పొద్దు కుంగేదాకా ఆకాశంలో వెలుగు ఇంకా మిగిలే ఉంటుంది. కొండ నీడలో పడ్డ వీధికి, మెత్తటి వెలుగు మిగిలిన వాళ్ళకంటే కాసేపు ఎక్కువే దొరుకుతుంది.

కెమెరా లెక్క

రీలు కెమెరా అయినా, ఫోను అయినా లోపల జరిగేది ఒకటే. కన్నం తెరుచుకుంటుంది, కొంతసేపు వెలుగును లోపలికి రానిస్తుంది, మూసుకుంటుంది. వెలుగు సగమైతే రెట్టింపు సేపు తెరిచి ఉంచాలి.

పాత రోజుల్లో స్టూడియోలో దొరికే 400 స్పీడు రీలు వేసి, ఎఫ్ 2.8 దాకా తెరుచుకునే కెమెరాతో తీస్తున్నారనుకుందాం. పొద్దు కుంగే క్షణంలో సుమారు 1/60 సెకను చాలు. మూడు నిమిషాలకు 1/30. ఆరు నిమిషాలకు 1/15. తొమ్మిది నిమిషాలకు 1/8. పన్నెండు నిమిషాలకు 1/4. చేత్తో పట్టుకుని, వణకకుండా తీయగలిగేది 1/30 వరకు. ఊపిరి బిగబట్టి, స్తంభానికి ఆనుకుని తీస్తే 1/15. అంటే ఆ కెమెరాతో ముఖాలు తీయడానికి మనకున్నది పొద్దు కుంగాక ఆరేడు నిమిషాలే.

ఇప్పటి ఫోను కన్నం ఇంకా పెద్దది, లోపలి సెన్సారు ఇంకా చురుకైనది. లెక్క వేస్తే అది మనకు అదనంగా ఇచ్చేది సుమారు పది నిమిషాలు. 2018 తర్వాత వచ్చిన ఫోన్లలో 'నైట్ మోడ్' అనేది ఉంటుంది. అది ఒక ఫొటో కాదు. ఫోను గబగబా చాలా ఫొటోలు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చుతుంది. కొండ కదలదు కాబట్టి చక్కగా వస్తుంది. మనిషి కదిలితే ముఖం చెదురుతుంది. పైగా ఒక్కోసారి సందెవేళను పట్టపగలులా చేసేస్తుంది. సందెవేళ సందెవేళలాగే ఉండాలంటే, తెర మీద వేలు పెట్టి వెలుగును కాస్త కిందికి జరపాలి.

లెక్క నోటికి వచ్చి ఉండటం ఎంత అవసరమో చెప్పడానికి అన్న ఒక కథ చెప్పారు. ఇది నిజంగా జరిగింది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్ ఉండేవారు. 1941లో ఒక సాయంత్రం, రోజంతా తిరిగి సరైన ఫొటో దొరక్క కారులో తిరిగి వస్తున్నారు. న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే చిన్న ఊరి పక్కన, సమాధుల మీది తెల్ల శిలువలపై చివరి ఎండ పడటం, పైన చంద్రుడు రావడం ఒకేసారి కనిపించాయి. కారు ఆపి కెమెరా బిగించారు. వెలుగు కొలిచే మీటరు వెతికితే దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకు గుర్తుంది. దాన్నిబట్టి మనసులోనే లెక్క కట్టి ఒక ఫొటో తీశారు. రెండోదానికి సిద్ధమయ్యేలోగా శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్క ఫొటో ప్రపంచంలోనే పేరున్న ఫొటోలలో ఒకటైంది.

ఆడమ్స్ గారు దారిలో వెతుకుతూ ఉన్నారు, కాబట్టి కనిపించింది. లెక్క ముందే నేర్చుకున్నారు, కాబట్టి అందింది. మేము ఆ రెండో పని చేయకుండా బయలుదేరాం.

గబ్బిలం ఎందుకు దొరకలేదు?

చిన్న గబ్బిలం సెకనుకు పదిసార్ల దాకా రెక్కలు కొడుతుంది. అది బయటికి వచ్చేసరికి మన కెమెరాకు సెకనులో ఎనిమిదో వంతు వెలుగు కావాలి. ఆ వ్యవధిలో గబ్బిలం రెక్క ఆడించి ఎక్కడికో పోయి ఉంటుంది. ఫొటోలో మిగిలేది ఒక మరక. మా నలభై ఫొటోల్లో ఇరవై అవే.

అయితే ఒక ఉపాయం ఉంది. నేల మీద వెలుగు తగ్గినా పడమటి ఆకాశంలో చాలాసేపు ఉంటుంది. ఆ ఆకాశానికి ఎదురుగా నల్లటి ఆకారాలను తీయవచ్చు. తాటిచెట్టు, కొండ అంచు, కరెంటు స్తంభం, తలమీద గడ్డిమోపుతో నడిచే మనిషి. వీటికి ముఖం అక్కర్లేదు, ఆకారం తెలిస్తే చాలు. ఫోను తెరమీద ఆకాశాన్ని తాకితే ఆకారం నల్లగా, ఆకాశం రంగుగా వస్తుంది. క్యాలెండర్ల మీద చూసేవన్నీ ఇవే. తేలిక, అందం కూడా.

కానీ మా మిత్రుడొకడు ఇలాంటి ఫొటో ఒకటి చూసి అన్నమాట మమ్మల్ని ఆలోచింపజేసింది. గడ్డిమోపు ఎత్తుకుని పోతున్న ఒకామె ఫొటో అది. ఆకాశం నారింజ రంగులో వెలిగిపోతోంది. ఆమె నల్లటి నీడలా ఉంది. "ఫొటో బాగుందిరా. కానీ ఇది మా అమ్మ అయితే నేను గుర్తుపట్టలేను" అన్నాడు వాడు.

మిరప ముందు నల్లబడుతుంది, పత్తి చివరిదాకా వెలుగుతుంది

మన ప్రాంతం పత్తికి, మిరపకు పేరు. వాటితో ఈ వేళలో ఒక వింత చూడవచ్చు. సంక్రాంతి తర్వాత కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. పొద్దు కుంగే ముందు ఆ ఎరుపు కళ్ళు చెదిరేలా ఉంటుంది. కుంగిన ఇరవై నిమిషాలకు అదే కల్లం మన కంటికి నల్లగా కనిపిస్తుంది. పక్కనున్న వేపచెట్టు ఆకులు మాత్రం ఇంకా తెలుస్తుంటాయి. మన కంటిలో పగటి చూపుకు ఒక రకం కణాలు, చీకటి చూపుకు ఇంకో రకం కణాలు ఉన్నాయి. చీకటి చూపు కణాలకు ఎరుపు దాదాపు తెలియదు. దీన్ని 19వ శతాబ్దం తొలిరోజుల్లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గుర్తించారు. కెమెరాకు ఈ మార్పు లేదు. అందుకే కంటికి నల్లగా కనిపించే మిరపకల్లం ఫొటోలో ఎర్రగానే వస్తుంది. కంటికి పోయిందని ఫొటో వదిలేయకండి.

పత్తి సంగతి వేరు. తెల్లటి పింజె తనమీద పడ్డ వెలుగులో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. చేను మొత్తం మసకబారినా పగిలిన కాయలు చుక్కల్లా కనిపిస్తాయి. ఇక్కడ కెమెరా మోసపోతుంది. తెరమీద తెలుపు ఎక్కువగా ఉంటే 'వెలుగు చాలా ఉంది' అనుకుని మొత్తాన్ని నల్లబరుస్తుంది. ఈ మోసం పత్తిచేను దగ్గర ఆగిపోతే మనకు ఇబ్బంది లేకపోను. మన ముఖాల దగ్గరే అసలు కష్టం.

నల్లటి ముఖానికి సరిపడా వెలుగు

కెమెరా తాను చూసేదంతా సగటున మధ్యరకం బూడిద రంగులో ఉంటుందనుకుని లెక్క కడుతుంది. సున్నం కొట్టిన తెల్ల గోడ ముందు, నల్లటి అబ్బాయిని నిలబెట్టి ఫొటో తీయండి. కెమెరా గోడను చూసి వెలుగు తగ్గిస్తుంది. గోడ బాగా వస్తుంది. అబ్బాయి ముఖంలో కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ మిగలవు. మన హాస్టల్ గ్రూపు ఫొటోలు ఎన్నింటిలో ఇలా జరిగిందో పూర్వ విద్యార్థులకు చెప్పనక్కర్లేదు.

ఫ్లాష్ వేస్తే సరిపోదా అనవచ్చు. ఫ్లాష్ వెలుగు దూరానికి త్వరగా చచ్చిపోతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. ముందు వరస 2 మీటర్ల దూరంలో, వెనక వరస 4 మీటర్ల దూరంలో ఉంటే, ముందున్న చిన్నపిల్లల ముఖాలు సున్నం కొట్టినట్టు, వెనక బెంచీ మీద నిలబడ్డ పెద్దవాళ్ళు చీకట్లో కలిసిపోయినట్టు వస్తారు.

ఇది కేవలం మన కెమెరాల పేదరికం కాదు. 1950ల నుంచి కొడాక్ కంపెనీ రంగుల ఫొటోలు కడిగే ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దానిమీద ఒక తెల్ల మహిళ ఫొటో ఉండేది. షిర్లీ అనే ఉద్యోగిని పేరు మీద దాన్ని 'షిర్లీ కార్డు' అనేవారు. ఆమె చర్మం రంగు సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ళ చర్మం ఆ లెక్కలో లేదు. ఈ చరిత్రను పరిశోధించిన లోర్నా రాత్ అనే కెనడా ఆచార్యురాలు 2009లో ఒక సంగతి బయటపెట్టారు. ముదురు రంగులు సరిగ్గా రావడం లేదని కొడాక్‌కు గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్ళలో చెక్క సామాను, చాక్లెట్ల వ్యాపారులు ఉన్నారట. మనుషుల ముఖాల కన్నా బల్లలు, చాక్లెట్ల గోధుమరంగు ముందు వినబడింది! రకరకాల చర్మాల రంగులతో కార్డులు వచ్చింది 1990లలో. ఫోన్లలో ముదురు చర్మం సహజంగా వచ్చేలా ప్రత్యేకంగా సరిచేయడం గూగుల్ లాంటి కంపెనీలు 2021లో ఒక గొప్పగా చెప్పుకున్నాయి.

మన దగ్గర దీనికి విరుగుడు అంటూ ఇంకో తప్పు చేశారు. ఫొటోలో ముఖాన్ని తెల్లగా చేసి ఇవ్వడం. స్కాలర్‌షిప్ ఫారానికి అంటించిన పాస్‌పోర్టు సైజు ఫొటో చూసుకుని "ఇది నేనేనా?" అనుకున్నవాళ్ళు మనలో ఎంతమంది! నల్లగా ఉండటం లోపం కాదు. నలుపును నలుపుగా చూపించలేకపోవడం ఫొటోలోని లోపం.

దీనికి మందు ఈ సందెవేళలోనే ఉంది. పొద్దు కుంగాక వెలుగు ఒక్క చోటునుంచి రాదు. ఆకాశమంతా ఒక పెద్ద దీపం అవుతుంది. నీడలు పదునుగా పడవు. నుదుటి మీద, చెంపల మీద మెత్తని మెరుపు తేలుతుంది. నల్లటి చర్మానికి ఇంతకన్నా మంచి వెలుగు లేదు. చేయవలసినవి నాలుగే. ఒకటి, పడమటి ఆకాశాన్ని మీ వీపు వెనక పెట్టుకోండి. ఫొటో దిగే మనిషి ముఖం పడమరకు తిరగాలి. అందరూ ఎర్రటి ఆకాశం కోసం అటు చూస్తూ నిలబడతారు, కానీ ఆ వెలుగు పడుతున్నది మన వెనక ఉన్న ముఖాల మీద. రెండు, తెల్ల గోడ వద్దు. వేపచెట్టు, మట్టిగోడ, తలుపు, ఏదైనా ముదురు రంగు వెనక ఉండాలి. మూడు, ఫోను తెర మీద ముఖాన్నే తాకండి. నాలుగు, మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి మూడు నాలుగు ఫొటోలు వరసగా తీయండి. ఒక్కటైనా కదలకుండా వస్తుంది.

ఈ వెలుగు ఎవరిది?

ఇంతదాకా వచ్చాక మాకు ఒక విషయం తట్టింది. మన హాస్టల్లో ఉన్నవాళ్ళలో చాలామంది బొల్లాపల్లి, ఈపూరు, నూజెండ్ల, శావల్యాపురం వైపు ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం. మన అమ్మానాన్నలు మిరపకోతకు, పత్తితీతకు పొద్దున చీకటితోనే ఆటో ఎక్కుతారు. తిరిగి దిగేసరికి పొద్దు వాలుతుంది. మంచి ఎండలో, తీరిగ్గా, ఫొటోకు నిలబడే వేళ వాళ్ళకు లేదు. వాళ్ళకు ఖాళీ దొరికేది ఈ ఇరవై నిమిషాలే. ఇంట్లో దీపం వేసి పొయ్యి వెలిగించేలోగా.

మనలో ఎంతమంది ఇళ్ళలో అమ్మ ఫొటో ఉంది? రేషన్ కార్డు మీద, ఆధార్ కార్డు మీద ఉంటుంది. ఎవరైనా కాలం చేస్తే ఆ కార్డునే స్టూడియోకు తీసుకెళ్ళి, పెద్దది చేయించి, దండ వేస్తారు. ఉలిక్కిపడ్డట్టున్న ఆ ముఖమే చివరికి మనకు మిగులుతుంది. ఇది మా మిత్రుల ఇళ్ళలో మేము చూసిందే.

ఫొటోలు పుట్టిన తొలిరోజుల్లో మనవాళ్ళను తీయలేదని కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారతదేశపు కులాల మీద 7 సంపుటాలు అచ్చు వేశారు. అందులో ఫొటోలు ఉన్నాయి. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన కొలతలూ ఉన్నాయి. చాలా ఫొటోల కింద మనిషి పేరు లేదు, కులం పేరే ఉంది. ఆ నిలబడ్డవాళ్ళకు పేర్లు ఉండే ఉంటాయి. పిల్లలు కూడా ఉండే ఉంటారు. ఆ పిల్లల పిల్లలు ఈ రోజు వెతుక్కుందామన్నా "ఇది మా ముత్తాత" అని చెప్పే దారి లేదు. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాం. అడగకుండా ఫొటో తీయకూడదు. పేరు రాయకుండా ఫొటో దాచకూడదు.

అడగడంలోనూ ఒక తిరకాసు ఉంది. "అమ్మా, ఫొటో తీస్తా" అనగానే అమ్మ ఏమంటుంది? "ఈ పని కోకతోనా? ఉండు, మొఖం కడుక్కొస్తా" అంటుంది. ముఖం కడిగి, తల దువ్వి, చీర మార్చుకుని వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు. అంటే వెలుగు మూడుసార్లు సగమై, ఎనిమిదో వంతు మిగిలిందన్నమాట! కాబట్టి ముందురోజే చెప్పి ఉంచండి. వాకిట్లో పడమరకు ఎదురుగా ఏ చోట కూర్చోవాలో మీరు ముందే చూసి పెట్టుకోండి. కొందరు పెద్దవాళ్ళు "దీపాలు పెట్టే వేళ ఫొటో ఏంది?" అంటారు. వద్దంటే మానేయండి. పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ ఉంటే, నాలుగో రోజుకు వాళ్ళే "తియ్యి" అంటారు.

మా అట్టబొమ్మ

చివరికి మా ఫొటో కొండ దగ్గర దొరకలేదు. హాస్టల్ వరండాలోనే దొరికింది. ఒక సాయంత్రం ఒక తల్లి పత్తితీత నుంచి నేరుగా కొడుకును చూడటానికి వచ్చింది. ఊరికి వెళ్ళే చివరి ఆటోకు ఇంకా కాసేపు ఉంది. వరండా మెట్టు మీద పడమరకు తిరిగి కూర్చుంది. పొద్దు కుంగి అప్పటికి ఐదారు నిమిషాలు అయి ఉంటుంది. కొడుకు తన ప్రోగ్రెస్ కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. అయినా దాన్ని వెలుగుకు పట్టుకుని పైనుంచి కిందిదాకా చూసింది. మేము అడిగాం. "నన్నా?" అని నవ్వి, సరేనంది. ముఖం కడుక్కుంటానని లేవబోతే కొడుకే ఆపాడు.

నాలుగు ఫొటోలు తీశాం. మూడింటిలో చేయి కదిలింది. నాలుగోది మీ చేతిలో ఉన్న ఈ సంచిక అట్ట మీద ఉంది. వెనక వేపచెట్టు చీకటి. ఆమె ముఖం ఏ రంగులో ఉందో ఆ రంగులోనే ఉంది. ప్రెస్సులో కాస్త తెల్లగా చేయమంటారా అని అడిగితే వద్దన్నాం. మీరు మొదట గమనించకపోవచ్చు, చెవి పక్కన జుట్టులో ఒక పత్తి పింజె చిక్కుకుని ఉంది. ఫొటోలో అన్నిటికన్నా తెల్లగా మెరిసేది అదే. వినుకొండ కనిపించాలన్న షరతు దానితో తీరిందని కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆమె పేరు, ఊరి పేరు ఆమె చెప్పినట్టే లోపలి పేజీలో అచ్చు వేశాం. మొదటి కాపీ ఆమెకే ఇచ్చాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, ఇప్పుడు చదువుకుంటున్న తమ్ముళ్ళకు మా మనవి ఒక్కటే. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క సాయంత్రం కేటాయించండి. పొద్దు కుంగే వేళకు ముందే వాకిట్లో ఉండండి. అమ్మనో, నాన్ననో, అమ్మమ్మనో పడమరకు తిప్పి కూర్చోబెట్టి ఒక ఫొటో తీయండి. ఫోనులోనే వదిలేయకుండా పది రూపాయలో ఇరవై రూపాయలో పెట్టి కాగితం మీద వేయించండి. ఫోన్లు పాడవుతాయి, పోతాయి. ఫొటో వెనక పేరు, ఊరు, తేదీ రాయండి. ఆ రాసిన ఫొటోలు ట్రంకు పెట్టెలో అడుగున పడేయకుండా మాకు ఒకసారి చూపిస్తే, వచ్చే సంచికలో వాటికి నాలుగు పేజీలు ఉంచుతాం.

గబ్బిలం ఫొటో మాత్రం ఇంకా దొరకలేదు. దాన్ని వచ్చే ఏడాది కమిటీకి అప్పగిస్తున్నాం. వాళ్ళు ముందుగా బయలుదేరితే మంచిది.